పొటాష్ ఒంటరిగా రాదు

నర్సరీ పక్కనున్న చిన్న ఎరువుల కొట్టుకు వెళ్లి ‘పొటాష్ ఉందా?’ అని అడిగితే, కొట్టతను అరలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి చేతిలో పెడతాడు. కిలోవి ఉంటాయి, అరకిలోవి ఉంటాయి. లోపల ఇటుకరంగు పలుకులు, చూడ్డానికి కాస్త రాళ్లుప్పులా ఉంటాయి. కవరు మీద మార్కర్ పెన్నుతో రాసిన మాట ఒక్కటే: పొటాష్. అది ఏ రకం పొటాష్, అందులో శాతమెంత, ఏ కంపెనీ సంచిలోంచి తీసి నింపారు, ఏ మొక్కకు పనికిరాదు, ఇవేవీ ఉండవు. కొనేవాళ్లూ అడగరు. టమాటాకు పూత రాలుతోందనో, నిమ్మకు పిందె నిలవడం లేదనో చెబితే, పొటాష్ వెయ్యమని ఎవరో సలహా ఇచ్చి ఉంటారు. ఇంటికి తెచ్చి కుండీకో చెంచా చొప్పున వేస్తారు. వారం చూస్తారు. మార్పు కనబడకపోతే ఇంకో చెంచా వేస్తారు.

ఆ రెండో చెంచా దగ్గరే చిక్కు మొదలవుతుంది.

పొటాషియం తగినంత లేకపోతే ఆకుల మీది సన్నటి రంధ్రాలు సరిగా తెరుచుకోవు, మూసుకోవు. మొక్క ఎండకు తాళలేదు. ఆకులో తయారైన చక్కెర కాయలోకో, దుంపలోకో చేరాలన్నా పొటాషియమే కావాలి. అరటి, చిలగడదుంప, పసుపు, టమాటా దాన్ని అంతగా లాగేసేది అందుకే. అది తక్కువైతే ముందుగా ముదురు ఆకుల అంచులు పసుపెక్కుతాయి, తర్వాత గోధుమరంగుకు తిరిగి సెగ తగిలినట్టు మాడతాయి. ఈ లక్షణం చాలామందికి తెలుసు. అయితే మట్టిలో ఉప్పు ఎక్కువైనప్పుడు కూడా మాడేది ఆకుల కొసలు, అంచులే. మొదటి చెంచాతో వచ్చిన మాడును పొటాష్ లోపమనుకుని రెండో చెంచా వేసే ఇళ్లు మిద్దెతోటల్లో తక్కువేమీ కాదు.

దుకాణంలో దొరికే ఏ పొటాష్ ఎరువులోనూ పొటాషియం ఒక్కటే ఉండదు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో దానికి తోడుగా క్లోరైడ్ వస్తుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌లో గంధకం, 13-0-45 అనే పొటాషియం నైట్రేట్‌లో నైట్రేట్ రూపంలో నత్రజని, కట్టెల బూడిదలో కార్బనేట్లు, సున్నం వస్తాయి. మొక్క తనకు కావలసింది తీసుకుని మిగతాది మట్టికి వదిలేస్తుంది. కాబట్టి పెరటికో, మిద్దెకో పొటాష్ ఎంచుకోవడమంటే సగానికి సగం ఆ తోడును ఎంచుకోవడమే. మన తోటల్లో ఈ ఆలోచన ఇంకా రాలేదు. రావాలి.

పొలాల్లో మాత్రం ఇది ఎప్పుడో వచ్చింది. తెలుగునాట ఈ సంగతి వర్జీనియా పొగాకు రైతుకు తెలిసినంత బాగా ఇంకొకరికి తెలియదు. దేవరపల్లి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం చుట్టుపక్కల తేలిక నేలల్లో పొగాకు వేసే రైతు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సంచి చవగ్గా దొరుకుతున్నా దాని జోలికి పోడు. ఎక్కువ ధర పెట్టి సల్ఫేట్ ఆఫ్ పొటాషే తెచ్చుకుంటాడు. క్లోరైడ్ పెరిగితే పొగాకు ఆకు గాలిలో తేమను లాక్కుంటుంది, సరిగా కాలదు, వేలంలో ధర పడిపోతుంది. 1947లో రాజమండ్రిలో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన మాటల్లో ఇదొకటి. అక్కడి రైతులు ఎరువులో క్లోరైడ్‌ను చూసుకున్నట్టే బోరు నీళ్లలోనూ చూసుకుంటారు. పంట ఏదన్నది పక్కన పెడితే, పొటాష్‌తో పాటు ఇంకేం వస్తోందని అడిగే అలవాటు మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవలసిందే.

గోదావరి దాటి కోనసీమకు వస్తే కథ తిరగబడుతుంది. కొబ్బరిచెట్టుకు క్లోరైడ్ పడుతుంది. పడటమే కాదు, కావాలి కూడా. కొన్ని చోట్ల కొబ్బరి మొదట్లో మామూలు ఉప్పు వేసే అలవాటు ఉన్నది అందుకే. పెరట్లో రెండు కొబ్బరిచెట్లున్నవాళ్లు ఖరీదైన సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తెచ్చి వాటి పాదుల్లో పోస్తే డబ్బు దండగ. అక్కడ ఎర్ర పొటాషే, అంటే మ్యూరేట్ ఆఫ్ పొటాషే సరైనది. పొగాకు ఆకును చెడగొట్టే ఉప్పు డెబ్బై ఎనభై కిలోమీటర్ల అవతల కొబ్బరికి మేలు చేస్తోందంటే, ‘ఏ పొటాష్ మంచిది’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదని అర్థం. ఏ మొక్కకు, ఏ మట్టిలో, ఏ నీళ్లతో అని అడిగాకే జవాబు వస్తుంది.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దుకోవాలి. ఎర్ర పొటాష్‌లో క్లోరిన్ ఉంది కనుక అది బ్లీచింగ్ పౌడర్‌లా మట్టిలోని సూక్ష్మజీవులన్నిటినీ చంపేస్తుందని చెప్పేవాళ్లు పెరిగారు. అది నిజం కాదు. బ్లీచింగ్ పౌడర్‌లో ఉండే క్లోరిన్ వేరు, ఈ ఎరువులోని క్లోరైడ్ వేరు. ఇది మన వంటింటి ఉప్పులో ఉన్నదే. మోతాదులో వేసి, వానో నీళ్లో బాగా పారి కిందికి దిగిపోయే నేలలో దీనివల్ల పెద్ద ఉపద్రవం రాదు. దేశమంతటా రైతులు కోట్ల ఎకరాల్లో వేస్తున్నది ఎక్కువగా దీన్నే. ముప్పు వచ్చేది ఉప్పు దిగిపోవడానికి దారిలేని చోట. మిద్దె మీది కుండీ సరిగ్గా అలాంటి చోటు.

లెక్క చూద్దాం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం అని సంచి మీద ఉంటుంది. అందులో దాదాపు 47 శాతం బరువు క్లోరైడ్‌దే. 60, 47 కలిపితే వంద దాటుతుందేమని అనుమానం రావచ్చు. సంచి మీద రాసేది పొటాషియం ఆక్సైడ్ లెక్క, అసలు పొటాషియం 50 శాతమే. ఎరువుల ఉప్పుదనాన్ని పోల్చడానికి శాస్త్రజ్ఞులు వాడే సూచిక ఒకటుంది. సోడియం నైట్రేట్‌ను 100 అనుకుని మిగతావాటిని దానితో కొలుస్తారు. అందులో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 116 దగ్గర, పొటాషియం నైట్రేట్ 70 ప్రాంతంలో, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 45 ప్రాంతంలో ఉంటాయి. అంటే బరువుకు బరువు చూస్తే ఎర్ర పొటాష్ వేరు మీద వేసే ఉప్పు భారం సల్ఫేట్ రకం కంటే రెండింతలకు పైనే.

వేసవిలో మిద్దె ఎక్కి ఒక పాత కుండీని దగ్గరగా చూస్తే ఈ అంకెలన్నీ కంటికే కనబడతాయి. మట్టి కుండీ అయితే బయటి గోడ మీద, ప్లాస్టిక్ టబ్బు అయితే లోపలి అంచు వెంట తెల్లటి పొర కట్టి ఉంటుంది. గోటితో గీస్తే పిండిలా రాలుతుంది. ఉదయం పోసిన బోరు నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరైపోతాయి, నీళ్లలో కరిగి వచ్చిన లవణాలు మాత్రం ఎక్కడికీ పోవు. రోజూ ఇంత చొప్పున పేరుకుంటాయి. దానిమీద చెంచాడు ఎర్ర పొటాష్ పడితే, మట్టి తడిగా ఉన్నా వేరుకు నీళ్లు అందవు. మొక్క మిట్టమధ్యాహ్నం వాడిపోయి తల వాల్చేస్తుంది. మనిషి ఇంకా నీళ్లు పోస్తాడు. ఇలా ఉప్పు పేరుకోవడాన్ని ఊళ్లల్లో చౌడు తేలడం అంటారు. పొలంలో చౌడు తేలడానికి ఏళ్లు పడుతుంది, కుండీలో ఒక్క వేసవి చాలు.

ఇప్పుడు ఆ చెంచా సంగతి. ఎకరా టమాటాకు మన దగ్గర సాధారణంగా చెప్పే పొటాష్ సిఫారసు 24 కిలోల లెక్కన ఉంటుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రూపంలో వేస్తే అది 40 కిలోలు. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. చదరపు అడుగుకు ఒక గ్రాము కూడా పడదు. మొక్కల లెక్కన చూసినా, అడుగున్నర ఎడంలో రెండడుగుల సాళ్లలో నాటితే ఎకరాకు సుమారు 14 వేల 500 మొక్కలు పడతాయి, మొక్కకు మూడు గ్రాముల లోపు. అది కూడా ఒక్కసారి వేసేది కాదు. నాటిన దగ్గర్నుంచి కాపు దాకా విడతలుగా వేసే మొత్తం అంతే. టీ చెంచాలో పట్టేది సుమారు ఐదు గ్రాములు. మిద్దె మీద ఒకే పూట, ఒకే మొక్కకు, పన్నెండు అంగుళాల కుండీలో వేస్తున్నది పొలంలో రైతు పంటకాలమంతా కలిపి వేసేదానికి దాదాపు రెట్టింపు.

కుండీకి ఒక మినహాయింపు ఉంది. వేరుకు దొరికే మట్టి కొద్ది, పోసిన నీళ్లతో పాటు పొటాష్ అడుగు రంధ్రంలోంచి కారిపోతూనే ఉంటుంది. జులై, ఆగస్టు ముసుర్లు గట్టిగా పట్టాక చాలా కుండీల్లో నిజంగానే పొటాష్ తగ్గుతుంది. అందుకని అసలు వేయవద్దనడం లేదు. కొద్దికొద్దిగా, నీళ్లలో కరిగించి, పూత మొదలయ్యాక వేయాలి. లీటరు నీళ్లకు రెండు మూడు గ్రాములు కలిపి, ముందుగా మామూలు నీళ్లతో తడిపిన మట్టిలో పోస్తే రెండు మూడు వారాలకు ఒకసారి సరిపోతుంది.

మట్టి ఆరోగ్యం సంగతి చెప్పాలంటే పశువుల పాకను గుర్తు చేసుకోవాలి. పాకలో గుంజలు ఎన్ని ఉంటే అన్ని పశువులనే కట్టగలం. మట్టిలో బంకమన్ను రేణువులకు, చివికిన సేంద్రియ పదార్థానికి అలాంటి గుంజలున్నాయి. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం మూడూ వాటికే కట్టుబడి ఉండి, వేరుకు అవసరమైనప్పుడు విడుదలవుతాయి. నల్లరేగడిలో గుంజలు ఎక్కువ. ఎర్ర చల్కల్లో తక్కువ, దుబ్బ నేలల్లో మరీ తక్కువ. పొటాష్‌ను గుప్పిళ్లతో పోస్తే గుంజలన్నీ అదే ఆక్రమిస్తుంది. కాల్షియానికి, మెగ్నీషియానికి చోటు పోతుంది, వేరు దగ్గర కూడా వాటికి పోటీలో వెనకబాటే. పైగా మొక్క పొటాషియాన్ని అవసరానికి మించి కూడా తాగేస్తుంది. కాపు అదనంగా రాదు, ఆకులో నిల్వ మాత్రం పెరుగుతుంది.

ఫలితం చాలా ఇళ్లలో టమాటా మీద కనబడుతుంది. కాయ పచ్చిగా ఉండగానే అడుగుభాగం నల్లబడి, తోలులా గట్టిపడి, లోపలికి కుంగుతుంది. అది కాయకు కాల్షియం అందకపోవడం. నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోయడం వల్లా వస్తుంది, మట్టిలో పొటాష్, ఉప్పు ఎక్కువైనా వస్తుంది. అలాగే ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం అందడం లేదని గుర్తు. ఈ రెండిటికీ మందు ఇంకో చెంచా పొటాష్ కాదు. పొటాష్ ఆపడమే మందు.

మిద్దెతోటలో కొనుక్కుని వేయాల్సి వస్తే సల్ఫేట్ ఆఫ్ పొటాష్‌కే ఓటు. అందులో 50 శాతం పొటాష్, పదిహేడున్నర శాతం గంధకం ఉంటాయి. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం క్లోరైడ్ రెండున్నర శాతం దాటకూడదు. నిమ్మ, ద్రాక్ష, గులాబీ, బీన్స్, ఉల్లి, స్ట్రాబెర్రీ లాంటి ఉప్పుకు ఓర్వని మొక్కలకు ఇదే తగినది. ఉల్లి, వెల్లుల్లి, ఆవ, ముల్లంగి, క్యాబేజీలకు గంధకం కూడా పనికొస్తుంది. ధర ఎక్కువే కానీ పాతిక కుండీల తోటకు ఏడాదికి కిలో అయిపోదు. మిరప, టమాటా మీద పిచికారీకి చాలామంది వాడే 13-0-45 పొటాషియం నైట్రేట్, అంటే మన పెద్దలు పెట్లుప్పు, సురేకారం అన్నది. అది మంచిదే, కానీ దాంతో నత్రజని కూడా వెళుతోందని మరవకూడదు. ఏపుగా ఆకు వేసి పూత రాని మొక్కకు అది వేయడం తప్పు. మెగ్నీషియం కూడా తగ్గిన మట్టికి పొటాషియం షోనైట్ అనేది ఒకటి దొరుకుతుంది, 23 శాతం పొటాష్‌కు తోడు మెగ్నీషియం దానిలోనే ఉంటుంది.

‘మాది సేంద్రియ తోట, రసాయనం తాకం’ అనేవాళ్ల పట్టుదలకు గౌరవం ఇవ్వాల్సిందే. అయితే గనుల్లోంచి తీసిన, క్లోరిన్ తక్కువగా ఉండే ఖనిజ పొటాష్‌ను మన దేశ సేంద్రియ ప్రమాణాలే షరతులతో అనుమతిస్తున్నాయి. మరోపక్క సహజమైనదన్న ఒక్క కారణంతో బూడిదను కళ్లకద్దుకోవడమూ సరికాదు.

బూడిద గురించి కొంత నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే పొటాష్ కథ అంతా దాంట్లోంచే పుట్టింది. కట్టెల బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను కుండల్లో ఇగరబెట్టి తీసిన తెల్లటి క్షారానికి యూరప్‌లో ‘కుండ బూడిద’ అని పేరు వచ్చింది. పొటాష్ అన్న మాటకు అర్థం అదే. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ ఆ క్షారంలోంచే విద్యుత్తు పంపి కొత్త లోహాన్ని వేరుచేసి పొటాషియం అన్నాడు. మన ఆయుర్వేదంలో యవల బూడిద నుంచి తీసే యవక్షారం కూడా ఆ జాతిదే. తెలుగు పల్లెల్లో పొయ్యి బూడిద ఎప్పుడూ పారేసే వస్తువు కాదు. అంట్లకు కొంత, పెంటకుప్పకు కొంత, మిగిలింది తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే పేనుబంక పట్టిన చిక్కుడు పాదు మీదికి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకంతో మొదలై గ్యాస్ ఇంటింటికీ చేరాక ఆ పొయ్యిలు చల్లారాయి. ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు అది ఎంతో మేలు. పెరటికి మాత్రం రోజూ వచ్చే పొటాష్ ఆగిపోయింది.

ఆ బూడిదను ఇప్పుడు కవర్లలో కొంటున్నారు. కొనేముందు అది ఏ బూడిదో తెలుసుకోవాలి. తుమ్మ, మామిడి, చింత లాంటి కట్టెల బూడిదలో పొటాష్ ఐదు శాతం అటూఇటూ ఉంటుంది, అంతకు ఎన్నో రెట్లు సున్నం ఉంటుంది. రైసుమిల్లు బాయిలర్ నుంచి వచ్చే ఊక బూడిద దాదాపు అంతా సిలికానే, పొటాష్ కోసం దాన్ని కొనడం వృథా. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ కలిసి కాలిన బూడిదను తినే కూరగాయల దరిదాపులకు రానివ్వకూడదు. వానకు తడిసిన బూడిదలో పొటాష్ అప్పటికే కొట్టుకుపోయి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బూడిద గట్టి క్షారం. పులుపు తిరిగిన ఎర్రనేలకు అది మందులా పనిచేస్తుంది. అనంతపురం, కర్నూలు వైపు సున్నపు నేలల్లో, బోరు నీళ్లే పోసే హైదరాబాద్ మిద్దెల మీద మట్టి అసలే క్షారం వైపు మొగ్గి ఉంటుంది. అక్కడ బూడిద పడితే ఇనుము అందక లేత ఆకులు తెల్లబారతాయి. యూరియాతోనో, పచ్చి పేడతోనో కలిపితే నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. అన్నీ సరిపడిన నేలలోనైనా చదరపు మీటరుకు ఏడాదికి ఒకట్రెండు గుప్పిళ్లు దాటకూడదు.

అరటితొక్క నీళ్ల సంగతి క్లుప్తంగా. తొక్కలో పొటాషియం ఉన్న మాట నిజం, నీళ్లలోకి దిగుతుందన్నదీ నిజం. కానీ పచ్చితొక్క బరువులో అధికభాగం నీరే. ఒక్కో తొక్కలో దొరికే పొటాషియం గ్రాము కూడా ఉండదు. మూడు తొక్కలు సీసాలో నానబెట్టి పది కుండీలకు పోసి ‘పొటాష్ వేశాం’ అనుకోవడం మనసుకు ఊరట, అంతే. పైగా కుళ్లిన వాసనకు ఈగలు. ఆ తొక్కల్నే కంపోస్టు తొట్టిలో వేస్తే అందులోని పొటాష్‌కు తోడు సేంద్రియం కూడా మట్టికి దక్కుతుంది, గుంజలు పెరుగుతాయి. రావులపాలెం చుట్టుపక్కల అరటితోటల్లో గెల కొట్టాక మిగిలే బోదెల్లో ఉండే పొటాష్ ముందు ఈ తొక్కల లెక్క ఏపాటిది. పెరట్లో అరటి పిలకలున్నవాళ్లు బోదెను ముక్కలు చేసి ఆ పాదులోనే పరచడం ఎంతో మేలు.

దీనికంటే చవకైనది, తెలుగునాట ఎక్కడైనా దొరికేది ఒకటుంది. అది వరిగడ్డి. వరి పైరు నేలలోంచి తీసుకున్న పొటాష్‌లో గింజలోకి వెళ్లేది కొద్దిభాగం, ఎక్కువభాగం గడ్డిలోనే మిగిలిపోతుంది. ఎండుగడ్డిలో ఒకటిన్నర శాతం దాకా పొటాషియం ఉంటుంది. మొక్క మొదట్లో రెండు అంగుళాల మందాన గడ్డి పరిస్తే నీళ్లు పోసిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం కిందికి దిగుతుంది. ఎండకు మట్టి కాగదు, నీళ్లు ఆవిరి కావు, కాబట్టి ఉప్పూ పైకి తేలదు. గడ్డి చివికి సేంద్రియమవుతుంది. క్లోరైడ్ బెడద తగ్గించి, గుంజలు పెంచి, పొటాష్ ఇచ్చే పని ఒకే వస్తువు చేస్తోంది. ఏటా కోత యంత్రాలు పోయాక పొలాల్లో తగలబెడుతున్నది దీన్నే. ఊరికి దగ్గర్లో ఉన్న రైతు దగ్గర రెండు మోపులు కొని తెచ్చుకుంటే పాతిక కుండీలకు ఒక కారు గడిచిపోతుంది.

కొబ్బరిపొట్టు మీద తోట పెంచేవాళ్లకు ఒక హెచ్చరిక. కొబ్బరిపొట్టులో పొటాషియం సహజంగానే ఎక్కువ. ఉప్పుటేరుల నీళ్లలో నానిన పీచు నుంచి వచ్చిందైతే సోడియం, క్లోరైడ్ కూడా ఎక్కువే. కడగని ఇటుకలు తెచ్చి నానబెట్టి కుండీ నింపి, దానిమీద పొటాష్ చల్లితే లేని లోపానికి మందు వేసినట్టే. రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. పొటాష్‌ను కరిగించే బ్యాక్టీరియా సీసాలు కూడా ఇలాంటివాళ్లే ఎక్కువ కొంటున్నారు. ఆ సూక్ష్మజీవులు మట్టి ఖనిజాల్లో చిక్కుకున్న పొటాష్‌ను విడిపించగలవు. ఖనిజాలే లేని కొబ్బరిపొట్టులో అవి విడిపించడానికి ఏముంది?

ఈ ఎర్ర పలుకులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా ఒకసారి తలుచుకోవాలి. మన దేశంలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ తవ్వే గని లేదు. కెనడా, రష్యా, బెలారస్, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నుంచి ఓడల్లో రావాలి. 2022లో యాభై కిలోల సంచి 1,700 రూపాయలకు చేరి రైతులు పొటాష్ వేయడమే తగ్గించేశారు. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి డిస్టిలరీల్లో వచ్చే వ్యర్థాన్ని కాల్చి తీసే 14.5 శాతం పొటాష్ ఎరువుకు 2021లో కేంద్రం రాయితీ ఇచ్చింది ఇలా దిగుమతుల మీద ఆధారపడాల్సి రావడం వల్లనే. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో వచ్చింది మిద్దె మీద కుండీ అంచున తెల్లటి పొరగా మిగిలిపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని మట్టి పరీక్ష. పెరట్లో ఐదారు చోట్ల పైచెత్త తీసి, ఇంగ్లిషు ‘వి’ ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, అంచు వెంట పైనుంచి కిందికి చెక్కిన మట్టిని కలిపి, నీడలో ఆరబెట్టి, అరకిలో ఇస్తే చాలు. కుండీలైతే నాలుగైదింటి నుంచి వేళ్ల దగ్గరి మట్టి తీసి కలపాలి. నేలలో లభ్య పొటాష్ హెక్టారుకు 108 కిలోల లోపుంటే తక్కువ, 280 దాటితే ఎక్కువ అని దేశంలో విరివిగా వాడే కొలత. కుండీకి హెక్టారు లెక్క సూటిగా వర్తించదు కాబట్టి మిద్దెతోటవాళ్లు పీహెచ్‌ను, లవణాల కొలత అయిన ఈసీని ముందు చూసుకోవాలి. ఈసీ ఒకటి దాటితే పొటాష్ మాట పక్కనపెట్టి, కుండీ పట్టేదానికి రెండింతల మంచినీళ్లు నిదానంగా పోసి అడుగునుంచి కారిపోనివ్వాలి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే ఈ పనికి అంతకంటే మంచివి లేవు.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డుల పథకం పన్నెండు అంశాలను పరీక్షించి రైతు చేతికి కార్డు ఇస్తోంది. నగరాల్లో ఇన్నివేల ఇళ్ల మీద కూరగాయలు పండుతున్నప్పుడు, సర్వే నంబరు లేని మట్టిని కూడా నామమాత్రపు రుసుముతో పరీక్షించే ఏర్పాటు ఉద్యాన శాఖలు ప్రతి పట్టణంలో చేయాలి. రెండోది, కవర్లలో విడిగా నింపి అమ్మే ఎరువు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సంచి మీద ఎరువు పేరు, పోషకాల శాతం ఉండి తీరాలి. యాభై కిలోల సంచి కొనే రైతుకున్న ఆ హక్కు అరకిలో కొనే గృహిణికీ ఉండాలి. ఏ పొటాష్, ఎంత శాతం, క్లోరైడ్ ఉందా లేదా అన్న మూడు ముక్కలు తెలుగులో ముద్రించిన చిన్న ప్యాకెట్లు తీసుకురావడం కంపెనీలకు భారం కాదు. అధికారులు అడగాలి. అంతకంటే ముందు కొనేవాళ్లు అడగాలి.

ఈసారి కొట్టతను ఆ కవరు చేతికిచ్చినప్పుడు ‘ఏ పొటాష్?’ అని అడగండి. చెప్పలేకపోతే కవరు తిరిగిచ్చేసి, ఆ డబ్బుతో రెండు మోపుల వరిగడ్డి తెచ్చుకోండి.